పాత కటకము, క్రొత్త కెమెరా



మీలో ననేకుల యిండ్లలో అటకమీదనో, పెద్దపెట్టె యడుగుననో ఒక తోలుసంచి యుండవచ్చును. అందులో మీ తండ్రిగారో, అన్నగారో ఒకప్పుడు ముచ్చటపడి కొనుక్కొన్న కెమెరా యుండును. దానికి వలయు ఫిల్ము మన యూళ్ళలో దొరకదు. దొరికినను కడిగి యిచ్చువారు దగ్గరలో లేరు. పిల్లల చేతులలో సెల్‌ఫోను లున్నవి. కావున పాతసామానులవాడు వచ్చిననాడు ఆ సంచిని వానికిచ్చి యటక ఖాళీ చేయుదమని యింటిలో నెవరో యనుచుందురు. ఆ మాటకు వెంటనే తల యూపవలదని కోరుటకే నేటి నా ప్రసంగము.

మా యింట అదే జరుగబోయినది. మా అన్నగారు 1976లో మదరాసులో ఒక జెనిత్ కెమెరాను కొనిరి. రష్యా దేశపు సరకు, ఇటుకరాయివలె బరువు. ముప్పది యేండ్లపాటు ఊరిలోని పెండ్లిండ్లు, స్వామివారి కల్యాణములు, చెరువు అలుగు పారిన సంవత్సరములు అన్నియు ఆయన దానితోనే చిత్రించిరి. ఆయన పోయిన కొన్ని యేండ్లకు సంచి విప్పి చూడగా కెమెరాలోని షట్టరుగుడ్డ చీకిపోయి యున్నది. “బాబాయ్, దీనికి యాబది రూపాయలు కూడ ఇవ్వనంటున్నాడు” అని మా అన్నకుమారుడు వాకిటనుండి కేకవేసెను. నేను పోయి ముందుభాగమున నున్న లెన్సును మరత్రిప్పి యూడదీసి, దీపమున కెదురుగా పట్టి చూచితిని. గాజు నిర్మలముగా నున్నది. కెమెరా చచ్చినది గాని దాని కన్ను చావలేదు.

ఆ కంటినే ఇప్పుడు నేను వేరొక దేహమునకు తగిలించి యారుబయట చిత్రములు తీయుచున్నాను. అది యెట్లు పొసగినదో, అందువలని లాభమేమో, నష్టమేమో చెప్పెదను. నష్టము చెప్పుటకు నాకు స్వానుభవము కలదు.

శాస్త్రగ్రంథములలో కటక మనియు, వాడుకలో లెన్సనియు పిలువబడు వస్తువు గాజుబిళ్ళల కూర్పు. మా అన్నగారి లెన్సు పేరు హీలియోస్ 44-2. అందులో ఆరు గాజుబిళ్ళలు కలవు. దీని మూలము రష్యాది కాదు. జర్మనీ దేశమున జైస్ వారి కర్మాగారములో విల్లీ మెర్టే యను శాస్త్రజ్ఞుడు 1927లో గణించిన బయోటార్ అను కూర్పునుండి ఇది పుట్టినది. రెండవ ప్రపంచయుద్ధానంతరము ఆ విద్య రష్యా చేరినది. అచ్చట దీనిని లక్షల సంఖ్యలో చేసిరి. అందుచేత ఇది దుర్లభవస్తువు కాదు. మీ యటకమీద నున్నది ఇదే కావచ్చును, జపానువారి పెంటాక్స్ కెమెరాకు వచ్చిన టాకుమార్ కావచ్చును, మరియొకటి కావచ్చును. నేను చెప్పబోవు న్యాయము వాటి కన్నిటికిని ఒక్కటే.

చిన్ననాడు మనమందరము భూతద్దముతో ఎండను కాగితముపై పట్టి కాల్చినవారమే. అద్దమును దగ్గరగా పట్టిన కాగితముపై వెలుగు వెడల్పుగా పడును. మరీ దూరముగా పట్టినను అంతే. ఒక్క దూరమున మాత్రమే అది చుక్కయై నిలుచును, పొగ లేచును. ప్రతి కటకమునకును ఇట్టి దూరమొకటి యుండును. దానినే నాభ్యంతర మందురు. మా లెన్సుకు అది 58 మిల్లీమీటర్లు. కొండవంటి దూరవస్తువుయొక్క ప్రతిబింబము స్ఫుటముగా పడవలెనన్న ఫిల్ము సరిగా ఆ చుక్క పడు చోటనే యుండవలెను. వెండ్రుకవాసి యటునిటైనను కొండ మసకబారును. కనుక కెమెరా చేయువారు లెన్సు బిగించు అంచునకును ఫిల్మునకును నడుమ నుండవలసిన దూరమును ముందే నిర్ణయించి, దానికి తగినట్లు లెన్సులను చేయుదురు. మా అన్నగారి కెమెరాకు ఆ దూరము 45.46 మిల్లీమీటర్లు. లెన్సు వెనుక 42 మిల్లీమీటర్ల వెడల్పుగల మరచుట్లుండును. ఈ కొలత 1949లో డ్రెస్డెన్ పట్టణమునుండి వెలువడిన కాంటాక్స్ కెమెరాతో ప్రచారమునకు వచ్చినది. పెంటాక్స్ వారు 1957లో దానినే స్వీకరించిరి. మర యొక్కటే యగుటచేత ఒక దేశపు లెన్సు మరియొక దేశపు కెమెరాకు ఎక్కుచుండెను. పెట్టుబడిదారులును సామ్యవాదులును ఏ విషయమున నేకీభవించినను లేకున్నను ఈ మరచుట్టు విషయమున నేకీభవించిరి.

అంత దూర మేల కావలసెనని మీరడుగవచ్చును. లెన్సుకును ఫిల్మునకును నడుమ ఒక ఏటవాలు అద్దముండెడిది. లెన్సులోనుండి వచ్చిన వెలుగును అది పైకి మరల్చి చూచువాని కంటికి చూపెడిది. మీట నొక్కగానే పైకి లేచి దారి యిచ్చెడిది. ఆ అద్దము లేచి వ్రాలుటకు చోటు కావలెను గదా. నేటి డిజిటల్ కెమెరాలలో ఫిల్మునకు మారుగా వెలుగును గ్రహించు పలక యుండును. ఆ పలకయే తాను చూచుచున్న దానిని చిన్న తెరమీద చూపుచుండుటచేత అద్దముతో పనిలేకపోయినది. అద్దములేని యిట్టి కెమెరాలు 2008నుండి వచ్చుచున్నవి. పాత ఫిల్మంత పలక, అనగా 36 మిల్లీమీటర్ల పొడవు, 24 మిల్లీమీటర్ల వెడల్పు గలది, 2013లో సోనీవారి కెమెరాలో వచ్చినది. అద్దము పోగా లోపలి చోటు తగ్గినది. ఈ కెమెరాలో లెన్సు అంచునకును పలకకును నడుమ దూరము 18 మిల్లీమీటర్లే.

ఇక లెక్క సులభము. 45.46లో 18 తీసివేయగా మిగిలినది 27.46. అంత మందముగల బోలు వలయము నొకదానిని, ఒక ప్రక్క పాత మర, మరియొక ప్రక్క క్రొత్త కెమెరా పట్టు ఉండునట్లు చేసి నడుమ బిగించిన చాలును. దీనిని అడాప్టరందురు. అందులో గాజు లేదు, యంత్రము లేదు, ఉన్నది శూన్యమే. నేను కొన్నది వేయి రూపాయల లోపు. ఆ శూన్యమువలన ఏబది యేండ్ల లెన్సు క్రొత్త కెమెరాలో తన పాత యింటిలో నున్నట్లే భావించి పనిచేయును.

అన్ని కెమెరాలకును ఇట్లు కుదరదు. అద్దముగల నికాన్ కెమెరాలలో ఆ దూరము 46.5 మిల్లీమీటర్లు. మన లెన్సుకు కావలసినదానికంటె ఒక మిల్లీమీటరు ఎక్కువ. ఎక్కువైన చోటును వలయముతో తగ్గింప లేము. దగ్గరి పూవు చక్కగా వచ్చును గాని కొండ ఎన్నటికిని స్ఫుటము కాదు. నడుమ నొక గాజుబిళ్ళ చేర్చిన వలయముల నమ్ముదురు. కొండ కనబడును గాని లెన్సుయొక్క గుణము కొంత చెడును. ఇరుకు గదికి వసారా దించవచ్చును. ఉన్న గదిని ఇరుకు చేయుటకు గోడలు పడగొట్టవలెను. కావున ఎవరైన మీకు కెమెరా కొనిపెట్టుదుమన్నచో, అద్దములేని దానినే యడుగుడు. మీ కెమెరాలోని పలక 36కు 24కంటె చిన్నదైనచో లెన్సు చూపు దృశ్యమున నడిమి భాగమే వచ్చునని మాత్ర మెరిగి యుండుడు.

తగిలించిన వెంటనే కెమెరా పనిచేయకపోవచ్చును, నాకును పనిచేయలేదు. పాత లెన్సుకు క్రొత్త కెమెరాతో మాటలాడు లోహపు మొనలు లేవు. కనుక తనకు లెన్సే లేదని తలచి కెమెరా మీట నొక్కనీయదు. లెన్సు లేకున్నను షట్టరు పనిచేయుటకు అనుమతి యిచ్చు అమరిక కెమెరాలోని పట్టికలో నుండును, దానిని మార్చవలెను. చేయి వణకును సరిదిద్దు ఏర్పాటు కెమెరాలో నున్నచో దానికి 58 అను అంకెను మనమే చెప్పవలెను. అటుపై వెలుగు కొలత కెమెరా చేసికొనును. దూరమును సరిచూచుటయు, రంధ్రమును తెరచి మూయుటయు మన చేతిలోనివి.

ఈ రంధ్రము సంగతి కొంచెము విపులముగా చెప్పవలెను. నాకు జరిగిన నష్టము దీనిలోనే యున్నది.

లెన్సు నడుమ సన్నని రేకులతో నొక కిటికీ యుండును. మా లెన్సులో ఎనిమిది రేకులు. కిటికీ వెడల్పును అంకెలతో చెప్పుదురు. ఎఫ్ 2 అనగా నాభ్యంతరములో సగము, అనగా 29 మిల్లీమీటర్ల వెడల్పు. ఎఫ్ 16 అనగా పదునారవ వంతు, శనగగింజకంటె చిన్నది. అంకె పెరిగినకొలది కిటికీ చిన్నదగును. కిటికీ పెద్దదైనచో వెలుగు ఎక్కువ వచ్చును, కాని స్ఫుటముగా కనబడు లోతు తగ్గును; మనము గురిపెట్టిన వస్తువునకు ముందువెనుకలన్నియు మసకబారును. కిటికీ చిన్నదైనచో దగ్గరిదియు దూరపుదియు రెండును తేటగా వచ్చును.

చండమైన ఎండలో ఫిల్ము వేగము 100 అయినపుడు కిటికీని ఎఫ్ 16కు మూసి సెకనులో నూరవవంతు కాలము వెలుగు నీయవలెనని పాత ఛాయాగ్రాహకుల సూత్రము. ఆ యెండలోనే ఎఫ్ 2కు తెరచినచో వెలుగు అరువదినాలుగింత లగును గనుక సెకనులో 6400వ వంతు మాత్రమే యీయవలెను. మా అన్నగారి కెమెరాలో అత్యంతవేగము 500వ వంతు. ఎండలో ఎఫ్ 2 వాడిన ఫిల్ము తెల్లబోవును. ఆయనకు ఇష్టమున్నను లేకున్నను ఎఫ్ 8 దరిదాపులకు మూయక తప్పలేదు. ఆయన తీసిన చిత్రములలో పెండ్లికూతురు నుదుటి బాసికము మొదలు పందిటి గుంజవరకు అన్నియు తేటగా నుండుటకు ఆయన నేర్పు కొంత, మరియొక దారి లేకపోవుట కొంత కారణము. నేటి కెమెరాలు కొన్ని సెకనులో 8000వ వంతువరకు పోగలవు. కాబట్టి ఆ లెన్సు తన యౌవనమున ఎండలో ఎన్నడును పూర్తిగా తెరవని కన్నును ఈ వార్ధక్యమున తెరవగలుగుచున్నది.

తెరచినప్పుడు కనబడు సొగసు గొప్పది, కాదనను. వెనుకనున్న వేపాకులు నీటిసుడివలె గుండ్రముగా తిరుగుచున్నట్లు కనబడును. ఈ లెన్సు ప్రసిద్ధి కెక్కినది అందుకే. ఆ వేడుకలో నేను పడిపోతిని.

ఒక మాఘమాసమున మా మేనత్త మా యింటికి వచ్చెను. ఎనుబది యెనిమిదేండ్ల ముసలమ్మ. ఉదయపుటెండలో పెరటిలో కూర్చుండి క్రొత్త చింతపండు పిక్కలు తీయుచుండెను. వెనుక గోడకు నులకమంచము నిలబెట్టి యున్నది. ఎండ ముఖమున కొక ప్రక్కగా పడుచున్నది. ఇంతకంటె మంచి సమయము దొరకదని లెన్సును పూర్తిగా తెరచి, మూడు నాలుగు మూరల దూరమున మోకాళ్ళపై కూర్చుండి, ఆమె కన్నులకు గురి కుదిర్చితిని. “ఒరే నాయనా, ఇంకా ఎంతసేపురా? పిక్కలు మిగిలిపోయినాయి” అని ఆమె నవ్వుచు చింతపండు తట్టవైపు వంగెను. ఆ నవ్వు పోవునని నేను మీట నొక్కితిని. కెమెరా వెనుక చిన్నతెరపై చిత్రము బాగుగనే తోచెను. ఆమెకు చూపగా “నా పోలికే” అనెను.

ఆమె వైశాఖమున పోయెను. పెద్దకర్మకు పటము కట్టింపవలెనని ఆ చిత్రమును పెద్దది చేయించితిమి. అప్పుడు తెలిసినది. నులకమంచపు త్రాళ్ళలో ఒక్కొక్క పోగు లెక్కపెట్టవచ్చును. అత్తయ్య ముఖము మాత్రము మంచులో నున్నట్లున్నది. ఆ దూరమున ఎఫ్ 2కు స్ఫుటముగా నుండు లోతు బెత్తెడు మాత్రమే. గురి కుదుర్చునపుడు వలయమును రవంత ఎక్కువ త్రిప్పితిని గాబోలు, దానిపై ఆమె ముందుకు వంగినది. ఎఫ్ 8కు మూసియున్నచో జానెడున్నర లోతు దొరకెడిది. ఆమె వంగినను ముఖము దక్కెడిది. బంధువులెవరును దీనిని గమనింపలేదు, లేదా గమనించియు అనలేదు. పటము ఇప్పటికిని మా హాలులోనే యున్నది. మరల తీయుటకు వీలుగాని చిత్రమది.

నాటినుండి నేను నియమము లేర్పరచుకొంటిని. మనిషిని తీయునపుడు ఎఫ్ 5.6కంటె పెద్ద కిటికీ తెరవను. గురి కుదుర్చునపుడు తెరమీది బింబమును పెద్దది చేసి చూపు మీట యొకటి యుండును. దానిని నొక్కి కనురెప్పలను చూచి సరిచేయుదును. స్ఫుటమైన అంచులకు ఎరుపో పసుపో రంగు పూసి చూపు ఏర్పాటును కలదు. అది తొందరలో నుపకరించును గాని బెత్తెడు లోతులో దానిని నమ్మరాదు. ఒక చిత్రముతో తృప్తిపడక మూడు తీయుదును, ప్రతిసారి గురి మరల కుదుర్చుదును. పరుగెత్తు పిల్లలను, ఊరేగింపును ఈ లెన్సుతో తీయబోను. దానికి సెల్‌ఫోనే మేలు. మా హీలియోస్‌లో కిటికీకి రెండు వలయములున్నవి. ఒకదానితో ఎంతవరకు మూయవలెనో ముందే నిర్ణయించి, రెండవదానితో పూర్తిగా తెరచి గురి చూచి, కన్ను కదల్పకయే మరల మూయవచ్చును. పాతవా రెంత ముందుచూపుతో చేసిరో! కొన్ని లెన్సులలో దీనికి మారుగా వెనుక నొక చిన్న మేకు పొడుచుకొని యుండును; అట్టివానికి ఆ మేకును నొక్కిపట్టు అంచుగల అడాప్టరు కొనవలెను.

కదలని వస్తువులవద్ద మాత్రము ఈ లెన్సుకు సాటి లేదనియే నా యభిప్రాయము. కొండ, చెరువు, గాలిగోపురము, పొలిమేరలోని వీరగల్లు, మర్రిచెట్టు: ఇవి మన తొందరకు లోబడవు, మనము వాటి తీరికకు లోబడవలెను. లెన్సు గొట్టముపై దూరముల యంకెలును, వాని క్రింద కిటికీ యంకెలును జంటజంటగా చెక్కియుండును. అది పంచాంగమువంటిది, చదువ నేర్చినవానికి గురి చూడనక్కరయే లేదు. ఉదాహరణకు 58 మిల్లీమీటర్ల లెన్సును ఎఫ్ 16కు మూసి దూరమును 7 మీటర్లకు నిలిపితిమా, మూడున్నర మీటర్లనుండి కనుచూపు మేరవరకు అంతయు తేటగా వచ్చును. చెరువుగట్టుమీద ఎద్దులబండియు, ఆవల కొండయు రెండును దక్కును. మూడుకాళ్ళ పీటయున్న మరింత మేలు. పెద్దదిగా అచ్చువేసిననాడు ఈ లెక్కలోని లోటు కొంచెము బయటపడును గనుక నేను చెక్కిన యంకెకంటె ఒక మెట్టు ఎక్కువ మూయుదును. ఎఫ్ 16 చివరి మెట్టగుటచే అచ్చట ఆ వీలు లేదు. ఎఫ్ 8, ఎఫ్ 11ల వద్ద కలదు.

ఎదురెండ దీనికి శత్రువు. నేటి లెన్సులలో గాజుపై అనేకములైన పలుచని పూతలుండును. లోపల వెలుగు అటునిటు కొట్టుకొనకుండ అవి కాపాడును. పాతవానిలో పూత తక్కువ. సూర్యుడు చట్రము ప్రక్కనున్నను చిత్రమంతయు పలుచనిపాలు పోసినట్లు వెలవెలబోవును. ముందు గొట్టము తగిలించుట ఉత్తమము. అది లేనినాడు నేను గొడుగు నీడనో, చేతిలోని పంచాంగపు నీడనో లెన్సుపై పడునట్లు చేయుదును. చూచినవారు నవ్వుదురు. మధ్యాహ్నసూర్యునివైపు తెరచిన లెన్సును త్రిప్పి యుంచరాదు. భూతద్దము కాగితమును కాల్చినట్లే లోపలి పలకకు హాని కలుగవచ్చును.

ఇక మీ లెన్సు మంచిదో కాదో చూచు విధము. దీపమున కెదురుగా పట్టి రెండువైపులనుండియు చూడుడు. లోపల సాలెగూడువంటి సన్నని పోగులు కనబడినచో అది బూజు. తేమవలన పుట్టును; ముదిరినచో గాజుపై పూతను తినివేయును, తుడిచినను మచ్చ పోదు. నలుసులు, చిన్న గీతలు ఉన్నను చింతింప నక్కరలేదు, చిత్రమున కనబడవు. రేకులు నూనెతో తడిసి అంటుకొనియున్న బాగుచేయించవలెను. కొన్ని పాత టాకుమార్ లెన్సుల గాజు పసుపువన్నెగా నుండును. ఆ గాజులో థోరియమను ధాతువు కలదు. అది స్వల్పముగా కిరణములను వెలువరించును. వాడుకలో భయము లేదు గాని గాజును పగులగొట్టరాదు, అరగదీయరాదు. కొన్నాళ్ళు ఎండ తగులనిచ్చిన ఆ పసుపు చాలవరకు విరిగిపోవును. అయితే ఎండలో పెట్టునపుడు ఒక ప్రక్క మూత వేసియే పెట్టుడు. లేనిచో మీ లెన్సు మీ చాపకు నిప్పంటించును.

దాచు విధము చెప్పి ముగించెదను. మనలో చాలమంది తోలుసంచియే దానికి రక్షయనుకొందురు. తోలు తేమను పట్టి యుంచును. బూజునకు అది పుట్టినిల్లు. మా అన్నగారి లెన్సు దక్కినది ఆయన దానిని సంచిలో నుంచక మందులడబ్బాలో నుంచుటచేతనే యని వదినగారు తరువాత చెప్పిరి. కెమెరాతో చేర్చి సంచిలో పెట్టినది ఆయన పోయిన పిమ్మటనట. బిగుతైన మూతగల డబ్బాలో, మాత్రల సీసాలలో వచ్చు తేమను పీల్చు పొట్లముల నాలుగింటిని వేసి యుంచుడు. బియ్యములో పెట్టవలదు, ఆ పొడి రేకుల సందులలో చేరును. ఈ వానకాలము రాకమునుపే మీ సంచిని దించి, లెన్సును వెలికితీసి, సంచిని వేరుగా ఎండకు వేయుడు.